గుగ్గిలం

పంతొమ్మిదేళ్ళయింది. ఇప్పటికీ
ఎవరింట్లోనైనా ధూపం వేస్తే
నా అరచేతులు వాటంతటవే తెరుచుకుంటాయి,
బంతి వస్తోందని.

మా పెంచలమ్మ మేడమ్ వాళ్ళ నాన్న కాశిమేడులో
పడవల పగుళ్ళు పూడ్చేవాడు.
గుగ్గిలం నూనెలో కాచి, నూలు పీచుతో కూరి,
సముద్రాన్ని లోపలికి రానివ్వకపోవడం ఆయన పని.
హ్యాండ్‌బాల్‌కి చేతి జిగురు కావాలి.
విదేశీ డబ్బా ఒక్కటి కొంటే ఆవిడ జీతంలో సగం పోతుంది.
అందుకని ఆదివారం రాత్రుళ్ళు
నాన్న దగ్గర మూకుడు అడిగి తెచ్చుకుని
పెరంబూరు రైల్వే క్వార్టర్స్ వెనకాల
తనే కాచేది.
చేతులు చాపుకుని, దేనికీ తగలనివ్వకుండా,
అప్పుడే గోరింటాకు పెట్టుకున్నట్టు
పదహారు మందిమి గ్రౌండులోకి నడిచేవాళ్ళం.

"మూడడుగులు. మూడే.
బంతి చేతిలో ఉండగా నాలుగోది వేశావా, ఈల ఊదేస్తాడు.
ఏడవకు. మూడడుగులు అడుక్కునే కదటే
ఒక పొట్టివాడు లోకమంతా తీసుకుంది?
మీ అమ్మమ్మ చెప్పలేదూ?"
నస్రీన్‌కి వాళ్ళ అమ్మమ్మ చెప్పలేదు.
డెల్ఫీనాకీ చెప్పలేదు.
ఆ సాయంత్రం ప్రాక్టీసు ఆపేసి
సగం తెలుగు, సగం అరవం,
వామనుడి కథ మొత్తం ఆడి చూపించింది.
బలి తల వంచే చోట నస్రీన్‌ని వంగమని
ఆమె మీదుగా గోల్ కొట్టింది.

తను ఆడిన రోజుల గురించి అడిగితే
ట్రాక్ ప్యాంటు మడిచి
ఎడమ మోకాలు చూపించేది. అంతే.

మొదటి ఏడాది పద్నాలుగు మ్యాచ్‌లు.
పద్నాలుగూ ఓడాం.
బెంగళూరులో ముప్ఫై ఒకటికి ఆరు.
తిరుగు రైల్లో ఆవిడ ఆ ఆరు గోల్స్ గురించే
జోలార్‌పేట దాకా మాట్లాడింది.
నేను గోల్‌కీపర్ని.
నా లెక్కలో ఆ ఆరూ లేవు, ముప్ఫై ఒకటే ఉంది.
అరక్కోణంలో టీ గ్లాసు నా చేతిలో పెట్టి
"ఆపినవి ఎవరూ రాయరు, నేను రాశాను" అంది.
పదిహేడు.
కిరాణా చీటీ వెనక, పెన్సిలుతో.

గెలవడం ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను.
సముద్రపు గాలి ఎప్పుడు తగిలిందో ఎవరికి తెలుసు,
నాలిక మీద ఉప్పు మాత్రం ఉంది.
తొమ్మిదిసార్లు రాష్ట్ర కప్పు.
డెల్ఫీనా ఒంటి మీద దేశం జెర్సీ.
బిలాస్‌పూర్ వెళ్ళాలంటే ప్రమోషనే వద్దంది,
రెండుసార్లు.

ఒక ఫైనల్లో, ఆఖరి క్షణంలో
ఏడు మీటర్ల త్రో నా మీదకొచ్చింది.
బెంచీ వైపు చూశాను.
ఆవిడ నన్ను చూడటం లేదు.
కింద కూచుని ఎవరిదో బూటు లేసు కడుతోంది.
నా మీద అంత నమ్మకం అనుకున్నాను.
చాలా ఏళ్ళ తర్వాత అడిగితే
"భయమేసిందే. కళ్ళెక్కడ పెట్టుకోవాలో తెలీలేదు" అంది.
బంతి నా మోకాలికి తగిలి బయటికి పోయింది.
ఎడమ మోకాలికే.

సన్మానం రోజు శాలువా కప్పి ఇచ్చిన పత్రంలో
"ప్రఖ్యాత వాలీబాల్ కోచ్" అని ఉంది.
దాన్ని ఫ్రేము కట్టించింది.
అద్దం కింద వాలీబాల్ మీద ఎర్ర పెన్ను కొట్టివేత,
పైన హ్యాండ్‌బాల్,
మా పరీక్ష పేపర్లు దిద్దినట్టే.

పోయిన నెల వెళ్ళాను.
అరలో వరసగా విదేశీ జిగురు డబ్బాలు,
ఏదో కంపెనీ పంపిందట.
ఒకటి మూత తీసి వాసన చూసింది.
"ఏం లేదు ఇందులో" అని మూసేసింది.
నాన్న పోయాడు. కాశిమేడు పడవలన్నీ ఫైబర్‌వే ఇప్పుడు.
మూకుడు మాత్రం గ్యాసు బండ వెనక బోర్లించి ఉంది.

"చెయ్యి చూపించు" అంది.
చాపాను.
బొటనవేలి మొదట్లో గోరుతో గీకి,
వెలుతురుకి పట్టి,
"ఇంకా పోలేదే నీకు" అంది.

అక్కడేమీ లేదు.